మధ్యస్థానమెవరిది?

మే నెల మధ్యభాగమున, మబ్బులేని రాత్రి పది గంటల వేళ, తెలుగునాట ఏ పల్లెటూరి మిద్దెమీద నిలిచినను, దక్షిణ దిక్కున చిత్తా నక్షత్రము తెల్లగా ప్రకాశించుచు కనబడును. అక్కడనుండి చూపును తిన్నగా క్రిందికి దించుకొని వచ్చినయెడల, చిత్త ఉన్న ఎత్తులో సగముకంటె తక్కువ ఎత్తున ఒక మసకచుక్క తగులును. అది చుట్టునున్న చుక్కలవలె సూదిమొనయంత పదునుగా నుండదు. పలకమీది సుద్దచుక్కను తడివ్రేలితో తుడిచినట్లు చెదిరియుండును. ఊరి దీపముల వెలుగు దక్షిణాకాశమును కమ్మినచో అది కనబడనే కనబడదు.

రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరవాసియైన టాలమీ దానిని నక్షత్రముగా లెక్కించెను. 1603లో బేయర్ అను జర్మన్ పండితుడు దానికి నక్షత్రములకు పెట్టు అక్షరమునే పెట్టి ‘ఒమేగా సెంటారి’ అనెను. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలీనా ద్వీపమునుండి చూచి, ఇది చుక్క కాదు, మేఘమువంటి యొక వెలుగు అని వ్రాసికొనెను. 1830 తరువాతి సంవత్సరములలో జాన్ హెర్షెల్ పెద్ద దూరదర్శినిని ఓడలో దక్షిణాఫ్రికాకు తీసికొనిపోయి, కేప్ ప్రాంతమున దానిని దీర్ఘముగా పరిశీలించెను. మేఘము లేదు, ఉన్నవన్నియు నక్షత్రములే. అవి మధ్యకు పోనుపోను దట్టమై, బంతివలె గుమిగూడియుండెను. నేటి లెక్కల ప్రకారము దానిలో సుమారు కోటి నక్షత్రములున్నవి. దాని దూరము సుమారు 17,000 కాంతి సంవత్సరములు. అనగా నేటి రాత్రి కంటబడు ఆ వెలుగు, నరులు ఇంకను విత్తుట కోయుట నేర్వని దినములలో అక్కడనుండి బయలుదేరినది.

ఇట్టివానిని గోళాకార తారాగుచ్ఛములందురు. మన పాలవెల్లి చుట్టు ఇవి నూట ఏబదికి పైగా కనుగొనబడినవి. దూరదర్శినిలో వీటిని మొదటిసారి చూచినవారు మాటలాడక ఊరకుందురు. కొందరు కన్ను తీసి, మరల పెట్టి, చూచినది నిజమేనాయని పరీక్షించుకొందురు. ఈ ఆశ్చర్యము ఎందరికో కలిగినది. అయితే ఆశ్చర్యపడుట ఒక సంగతి. ఆశ్చర్యపడినవాడు ఆ పిమ్మట ఏమగుననునది మరియొక సంగతి. ఈ వ్యాసము విచారింపబూనినది ఆ రెండవ సంగతినే.

ఒకే దృశ్యము, రెండు ఫలములు

అమెరికా దేశమున ఎమర్సన్ అను తత్త్వవేత్త యుండెను. ఆయన కొంతకాలము సంఘకాపరిగా పనిచేసి ఆ పని విడిచినవాడు. వేయేండ్లకొక్కసారి మాత్రమే నక్షత్రములు కనబడునట్లైతే నరులు ఆ రాత్రిని తలంచి ఎంత భక్తితో ఉందురోయని ఆయన 1836లో ప్రకటించిన గ్రంథమున ఊహించెను. నూరేండ్ల తరువాత క్యాంప్‌బెల్ అను పత్రికా సంపాదకుడు ఆ మాటతో ఏకీభవింపక, అట్టి రాత్రి వచ్చినచో మనుష్యులకు పిచ్చియెత్తునని తలంచెను. ఆ తలంపుమీద కథ వ్రాయుమని ఐజాక్ అసిమోవ్ అను యువకుని ప్రోత్సహింపగా, 1941లో ‘నైట్‌ఫాల్’ అను కథ వెలువడెను. అందులోని లోకమునకు ఆరు సూర్యులు. రెండువేల యేండ్లకు పైగా అక్కడ చీకటి యుండదు. తుదకొక రాత్రి వచ్చి, చీకటిలో వేలకొలది నక్షత్రములు ఒక్కసారిగా కనబడినప్పుడు, ఆ జనులు తాము ఒక గొప్ప తారాగుచ్ఛము నడుమ నున్నామని తెలిసికొని, మతి తప్పి తమ పట్టణమును తామే తగులబెట్టుకొందురు.

ఇది కట్టుకథయే. అయినను ఆ భయము కల్పితము కాదు. ఇన్ని కోట్ల సూర్యుల నడుమ నా బ్రతుకెంత, నా కన్నీటికి విలువ యేమి అను ప్రశ్న చదువుకొన్నవారిని, చదువులేనివారిని కూడ ఒంటరి రాత్రులయందు పట్టుకొనును. కొందరు ఆ ప్రశ్నకు లొంగి, ఏమి చేసినను ఒక్కటేయను నిర్లక్ష్యములో పడుదురు. కొందరు ఆ ప్రశ్నకు జడిసి ఆకాశము వైపు చూచుటయే మానుకొందురు. మూడవ మార్గము ఉన్నదా? తారాగుచ్ఛములను మనుష్యులు తెలిసికొన్న చరిత్రయే దీనికి కొంత జవాబిచ్చుచున్నది.

మసకలోని ఒక్కొక్కటి

పారిస్ నగరమున ఛార్లెస్ మెస్సియే అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు తోకచుక్కలను వెదకుటయందు ఆసక్తిగలవాడు. ఆకాశమున మసకమచ్చలు కనబడి తోకచుక్కలని భ్రమింపజేయుచుండుటచేత, ఆయన వాటినన్నిటిని ఒక పట్టికలోనికెక్కించెను. 1764లో హెర్క్యులిస్ మండలములోని ప్రసిద్ధమైన గుచ్ఛమును చూచి, ఇందులో నక్షత్రమేదియు లేదని నిశ్చయముగా వ్రాసికొనెను. ఆ పట్టికలో నున్న ఇరువది తొమ్మిది తారాగుచ్ఛములలో ఒక్కదానియందు మాత్రమే ఆయనకు విడివిడి చుక్కలు కనబడెను. అది వృశ్చికములోని జ్యేష్ఠా నక్షత్రము ప్రక్కనున్నది.

మెస్సియే అబద్ధమాడలేదు, తన చిన్న దూరదర్శిని చూపించినదే వ్రాసెను. ఇరువది సంవత్సరములు గడవకముందే, ఇంగ్లాండులో విలియం హెర్షెల్ అను సంగీత విద్వాంసుడు వాటినే మరల చూచెను. ఆయన బాత్ పట్టణపు ప్రార్థనామందిరములో ఆర్గన్ వాయించుచు, పగలు పాఠములు చెప్పుకొనుచు, తన దూరదర్శినికి కావలసిన లోహపు అద్దములను తన చేతులతో సానపెట్టినవాడు. చేయి ఆపినచో అద్దము చెడును గనుక, ఆయన చెల్లెలు కారొలీన్ అన్నము ముద్దలు ఆయన నోటికందించుచుండెనట. అట్టి అద్దములలో చూచినప్పుడు మెస్సియే మసకమచ్చలనేకములు వేలకొలది నక్షత్రములుగా విడిపోయెను. ‘గోళాకార గుచ్ఛము’ అను పేరు ఆయన 1789లో పెట్టినదే.

ఆకాశమున ఏమియు మారలేదు. మారినది చూచువాని ఓపిక, చూచువాని సాధనము. దూరమునుండి చూచువానికి మసకగా తోచినది, శ్రద్ధతో చూచువానికి ఒక్కొక్కటిగా తెలియవచ్చెను.

ఈ సంగతి ఆకాశమునకే పరిమితము కాదు. మనుష్యుడు తన తోటివారిని చూచు విధము కూడ ఇట్టిదే. రైలుస్టేషనులో నేలమీద పండుకొన్నవారు ‘జనము’ అనబడుదురు. వరదలో ఇండ్లు కోల్పోయినవారు పత్రికలో ఒక సంఖ్య యగుదురు. ఆసుపత్రి వరండాలో నిలిచినవారు ఒక ‘వరుస’ యగుదురు. చూచువాడు అబద్ధమాడుట లేదు. అతని చూపునకు అందినది అంతమట్టుకే. అయితే ఆ వరుసలో ఒక తల్లి కొంగుముడిలో మందుచీటీ పెట్టుకొని, తన వంతు వచ్చులోగా కిటికీ మూసివేయుదురేమోయని భయపడుచున్నది. ఆమె మసక కాదు. ఆమెను మసకగా చేసినది దూరమే.

పొగమంచులో నిలిచినవాడు

తారాగుచ్ఛములు నేర్పిన రెండవ పాఠము ఇంతకంటె కఠినమైనది. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున కూడ శాస్త్రజ్ఞులనేకులు, మన సూర్యుడు పాలవెల్లికి నడిమిభాగమున నున్నాడని నమ్మియుండిరి. వారికి కారణము లేకపోలేదు. ఏ దిక్కున లెక్కించినను నక్షత్రములు సుమారు సమానముగానే కనబడుచుండెను. పాలవెల్లి నిండ సన్నని ధూళి వ్యాపించి దూరపు నక్షత్రములను మరుగుచేయుచున్నదని వారు సరిగా గ్రహింపలేదు. తెల్లవారుజామున పొగమంచు పట్టిన పొలములో నిలిచిన రైతు సంగతి తలంచుకొనవలెను. ముందు ఇరువది గజములు, వెనుక ఇరువది గజములు, కుడిఎడమలను అంతే. తాను పొలమునకు సరిగా నడుమ నున్నట్లే అతనికి తోచును. నిజమునకు అతడు గట్టు ప్రక్కనే నిలిచియుండవచ్చును.

ఆ పొగమంచులోనుండి బయటికి చూచుటకు తారాగుచ్ఛములే త్రోవ చూపినవి. అవి పాలవెల్లి పళ్లెమునకు పైనను క్రిందను, ధూళి పలుచనగా నున్న చోట్ల కూడ చెదరియుండుటచేత చాల దూరమువరకు కనబడును. అయితే వాటి దూరమును కొలుచుట ఎట్లు? ఆ కొలబద్ద నిచ్చినది హెన్రియెట్టా లీవిట్ అను స్త్రీ. ఆమె ఒక సంఘకాపరి కుమార్తె. వినికిడి క్రమముగా కోల్పోయిన ఆమె హార్వర్డు వేధశాలలో, గంటకు ముప్పది సెంట్ల కూలికి, గాజుపలకలమీద పడిన నక్షత్రముల ఛాయాచిత్రములను ఒక్కొక్కటే పరీక్షించుచుండెను. కొన్ని నక్షత్రములు క్రమము తప్పక వెలుగు హెచ్చుచు తగ్గుచుండును. అవి ఎంత నిదానముగా మారునో అంత ప్రకాశవంతమైనవని ఆమె 1912లో ఇరువది యైదు నక్షత్రములను ఆధారము చేసికొని స్థాపించెను. దీపము అసలు వెలుగెంతో తెలిసినచో, అది ఎంత మసకగా కనబడుచున్నదో చూచి దాని దూరమును లెక్కకట్టవచ్చును. ఆమె 1921లో మరణించెను. ఆమెకు నోబెల్ బహుమానము నిప్పింపగోరి 1925లో స్వీడన్‌నుండి ఒక పండితుడు ఉత్తరము వ్రాసినప్పుడు, ఆమె లేదన్న సంగతి కూడ అతనికి తెలియదు.

ఆమె చూపిన త్రోవను పట్టుకొని, హార్లో షాప్లీ అను యువ శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ శిఖరమున, అరువది అంగుళముల దూరదర్శినితో తారాగుచ్ఛముల దూరములను కొలిచెను. వాటిలో మూడవవంతు ధనుస్సు రాశి దిక్కుననే గుమిగూడియున్నవి. సూర్యుడు మధ్యనున్నచో అవి అన్ని దిక్కుల సమముగా ఉండవలెను గదా! గుచ్ఛములన్నియు ఒక కేంద్రము చుట్టు చేరియున్నవి. ఆ కేంద్రము సూర్యునియొద్ద లేదు. ధనుస్సు దిక్కున బహుదూరమున నున్నది. ఈ సంగతి 1918లో ఆయన ప్రకటించెను. ధూళి వలని మసకను లెక్కలోనికి తీసికొననందున ఆయన చెప్పిన దూరము నిజమైన దానికంటె చాల హెచ్చుగా నుండెను. 1930లో ట్రంప్లర్ అను శాస్త్రజ్ఞుడు ఆ ధూళి ప్రభావమును నిరూపించెను. నేటి కొలత ప్రకారము పాలవెల్లి కేంద్రము మనకు సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరముననున్నది. కోపర్నికస్ భూమిని మధ్యనుండి తొలగించెను. షాప్లీ సూర్యుని తొలగించెను.

తొలగించినవాని పొగమంచు

ఇంతటితో కథ ముగిసినయెడల షాప్లీని వినయమునకు మాదిరిగా చూపి ఊరుకొనవచ్చును. కాని సత్యము అంత సులభము కాదు. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్ నగరమున షాప్లీయు హీబర్ కర్టిస్ అను మరియొక శాస్త్రజ్ఞుడును ఒకే వేదికమీద మాటలాడిరి. మన పాలవెల్లియే దాదాపు సమస్త విశ్వమనియు, సుడిగుండముల ఆకారముగల నీహారికలు వేరు పాలవెల్లులు కావనియు షాప్లీ వాదించెను. అవి మనదానివంటి వేరు లోకసమూహములేనని కర్టిస్ చెప్పెను. అయితే సూర్యుడు మధ్యకు దగ్గరగానే యున్నాడను పాత నమ్మకమును కర్టిస్ విడువలేదు. ఒకరికి తెలిసినది రెండవవారికి తెలియలేదు. ఆ తరువాత నాలుగేండ్లలోగా ఎడ్విన్ హబుల్, లీవిట్ ఇచ్చిన ఆ కొలబద్దతోనే, ఆండ్రోమీడా నీహారిక పాలవెల్లికి వెలుపల మహాదూరముననున్నదని తేల్చెను. షాప్లీ తాను నమ్మిన కొలబద్ద చేతనే తన వాదము కూలిపోవుట చూచి, పొరబాటును ఒప్పుకొనెను.

సూర్యుని మధ్యనుండి తొలగించిన మనుష్యునికి తన పాలవెల్లిని మధ్యనుండి తొలగించుట కష్టమాయెను. మధ్యస్థానమును ఒక చోట విడిచిన మనస్సు మరియొక చోట దానిని పట్టుకొనును. ధనగర్వము విడిచినవాడు తన విద్యను మధ్య నిలుపుకొనును. విద్యాగర్వము విడిచినవాడు తన సేవను, తన త్యాగమును, తుదకు తన వినయమునే మధ్య నిలుపుకొనును. పొగమంచు ఎప్పుడును నిలిచినవాని చుట్టే యుండును గనుక, దానిని ఒక్కసారి దాటితిని, ఇక దాటనక్కరలేదని చెప్పుటకు ఎవనికిని వీలులేదు.

అంచున నుండుట అవమానమా?

మధ్యస్థానము పోయిన తరువాత నరునికి మిగులునదేమి? ఇక్కడ ఒక సంగతి గమనింపదగియున్నది. తారాగుచ్ఛములలోని నక్షత్రములు బహు పురాతనమైనవి. వాటి వయస్సు 1,200, 1,300 కోట్ల సంవత్సరములనియు, విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములనియు శాస్త్రజ్ఞులు లెక్కకట్టుచున్నారు. అవి పుట్టిన కాలమున ఇనుము, సిలికాన్ మొదలైన బరువు పదార్థములు బహు స్వల్పముగా నుండెను. అందుచేత వాటిలో అవి కొరతగా నున్నవి. టుకానా మండలములోని గొప్ప గుచ్ఛమునందు సుమారు 34,000 నక్షత్రములను హబుల్ దూరదర్శిని ఎనిమిది దినములకు పైగా ఎడతెగక గమనించెను. సూర్యుని పరిసరములలో వలెనే యుండినచో నక్షత్రమునకు దగ్గరగా తిరుగు పెద్ద గ్రహములు సుమారు పదునేడు కనబడవలసియుండెను. 2000వ సంవత్సరమున వెలువడిన ఆ పరిశోధన ఫలితము ప్రకారము ఒక్కటియు కనబడలేదు. గుచ్ఛములలో గ్రహములు బొత్తిగా లేవని చెప్పరాదు. జ్యేష్ఠ ప్రక్కనున్న గుచ్ఛములో ఒక గ్రహమున్నట్లు 2003లో నిర్ధారింపబడినది. అయినను ఇన్ని దీపములు కూడియున్న చోట, మన భూమివంటి యింటిని కట్టుటకు కావలసిన మన్ను మాత్రము కొరతగానున్నది.

ఆ మన్ను ఎక్కడనున్నది? పాలవెల్లి పళ్లెములోని ధూళిలో నున్నది. ఏ ధూళి శాస్త్రజ్ఞుల కన్నులను కప్పి సూర్యుడే మధ్యనున్నాడని భ్రమింపజేసెనో, అట్టి ధూళియే భూమికిని, భూమిమీది నరునికిని ముడిసరకు. నరుడు నేలమన్నుతో చేయబడినవాడను మాటను చిన్ననాటనుండి వినియున్న చదువరికి ఇది క్రొత్తగా తోచదు. విలువ స్థానముతో కొలువబడునదైతే, పాలవెల్లి నడుమనున్నవే ధన్యములు. విలువ పరిమాణముతో కొలువబడునదైతే, కోటి సూర్యుల గుచ్ఛమే ధన్యము. కాని ఆ గుచ్ఛము తన్ను తాను ఎరుగదు; దానిని చూచి ఆశ్చర్యపడినవాడు ఈ అంచునున్న ధూళిబిడ్డయే.

ఎనిమిదవ కీర్తనలో భక్తుడు చంద్రుని, నక్షత్రములను చూచి, నరుని అల్పత్వమును గూర్చి ప్రశ్న వేసెను. అయితే ఆ ప్రశ్నను అతడు శూన్యమునకు వేయలేదు. తన్ను తలంచుకొనువానికే వేసెను. అందుచేత ఆ ప్రశ్న నిరాశగా మారలేదు. ‘నేను అల్పుడను’ అనుట ఒకటి. ‘నేను లెక్కలోనివాడను కాను’ అనుట మరియొకటి. మొదటిది సత్యము. రెండవది కొలబద్దలను తారుమారు చేసికొనుటవలన కలుగు పొరబాటు.

ఆశ్చర్యమునకు పరీక్ష

ఆకలిగొన్నవారు, అప్పులపాలైనవారు ఉన్న దేశములో నక్షత్రములను చూచి ఆశ్చర్యపడుట సోమరుల వేడుక కాదాయని కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆకాశమును చూచినంతమాత్రమున ఎవడును మంచివాడు కాడు. నక్షత్రముల లెక్క బాగుగా ఎరిగియు పనివాని కూలి ఎగవేయువాడు ఉండవచ్చును. కాబట్టి ఆశ్చర్యమును దాని ఫలమునుబట్టియే పరీక్షింపవలెను. తన్ను గూర్చియే తలంచుటకు పురికొల్పు ఆశ్చర్యము, అది గర్వముగా మారినను నిరాశగా మారినను, ఇంకను తన్నే మధ్య నిలుపుకొనుచున్నది. చూచువానిని ప్రక్కకు తప్పించి, చూడబడువానికి చోటిచ్చునదే ఆరోగ్యకరమైన ఆశ్చర్యము.

షాప్లీ జీవితములో ఒక చిన్న సంగతి యున్నది. పాలవెల్లిని కొలుచుచున్న ఆ దినములలోనే, మౌంట్ విల్సన్‌మీద గోడవెంబడి బారులు తీర్చి పోవు చీమలు ఆయన కంటబడెను. గడియారము, ఉష్ణమాపకము చేతబట్టుకొని వంగి, ఎండ హెచ్చినకొలది అవి ఎంత వేగముగా నడచునో లెక్కించి, 1920లో ఆ ఫలితములను ప్రకటించెను. రాత్రి వేల కాంతి సంవత్సరములను కొలిచినవాడు పగలు చీమ అడుగును తృణీకరింపలేదు. గొప్పదానిని నిజముగా చూచినవానికి చిన్నది చిన్నదిగా తోచదనుటకు ఇదొక నిదర్శనము.

నూట నలుబది యేడవ కీర్తనలో రెండు మాటలు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి నక్షత్రముల సంఖ్యను గూర్చినది, వాటికి పేరు పేరున పిలుపున్నదని చెప్పునది. దానికి ముందున్నది విరిగిన హృదయములకు కట్టు కట్టుటను గూర్చినది. మనుష్యుడు ఈ రెంటిని వేరు చేసి, మొదటిది మహాకార్యమనియు రెండవది చిల్లరపనియనియు ఎంచును. ఆ కీర్తన అట్లు ఎంచలేదు. కోట్లలో ఒక్కొక్కదానిని పేరుతో ఎరిగిన చూపునకు గాయపడినవాడు గుంపులో కలిసిపోడు.

మిద్దెమీద నిలిచి మసకచుక్కను వెదకువాని యింటిలోనే, క్రింద మంచముమీద ముసలితల్లి దాహమని పిలువవచ్చును. పైనున్న కోటి నక్షత్రములను చూచి వచ్చినవాడు ఆ పిలుపును విసుగుతో వినునా, త్వరపడి దిగివచ్చునా? అతడు ఆకాశమున చూచినదేమో అక్కడ తెలియును. నీళ్లచెంబు చేతికిచ్చి, ఆమె త్రాగువరకు తల పట్టుకొని కూర్చున్నవానికి ఆ గుచ్ఛము ఎక్కడికిని పోదు. మే నెలలో మరుసటి రాత్రి కూడ అది చిత్త క్రిందనే యుండును.